ఇంటర్న్‌షిప్‌కు ఊరు వదిలి వెళ్లేవారికి: ఏ నగరం, ఏ వసతి, ఏ లెక్క

బీటెక్ ఏడో సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడేసరికి భీమవరంలోనైనా, నంద్యాలలోనైనా, వరంగల్‌లోనైనా ఆఖరి ఏడాది విద్యార్థుల మధ్య ఒకటే చర్చ: హైదరాబాదా, బెంగళూరా? ఆఖరి సెమిస్టర్‌ను ఇంటర్న్‌షిప్‌కు, ప్రాజెక్టుకు కేటాయించడం మన దగ్గర చాలా కళాశాలల్లో మామూలైంది. దాంతో ఇల్లు, కళాశాల తప్ప మరోచోట ఉండి ఎరుగని పిల్లలు సంక్రాంతికి అటూ ఇటూగా పెట్టె సర్దుకుని పెద్ద నగరానికి బయలుదేరుతున్నారు.

సలహా కోసం వచ్చినవారు నగరం పేరుతోనే మాట మొదలుపెడతారు. నేను ముందు అడిగేవి వేరు. కంపెనీ గేటు కచ్చితంగా ఎక్కడుంది? ఎన్నింటికి లోపలికి చేరాలి? అక్కడ మీ పనిని రోజూ చూసి తప్పొప్పులు చెప్పే మనిషి ఎవరు? ఈ మూడూ తెలిశాక నగరాన్ని ఎంచుకోవడం, గది వెతుక్కోవడం చాలా తేలిక. ఇవి తెలియకుండా తీసుకున్న నిర్ణయాలే తర్వాత బాధపెడతాయి.

ఆఫర్ లెటర్‌లో ‘హైదరాబాద్’ అని ఒక్క మాట ఉంటుంది. అది మాదాపూర్ కావచ్చు, పటాన్‌చెరు కావచ్చు, శామీర్‌పేట దాటాక వచ్చే తుర్కపల్లి కావచ్చు, నగరానికి మరో కొసన ఉన్న ఆదిభట్ల కావచ్చు. సీనియర్లు ఉన్నారని అమీర్‌పేటలో మంచం మాట్లాడుకున్న అబ్బాయికి ఆదిభట్లలో ఉదయం ఎనిమిదింటి షిఫ్టు పడితే ఏమవుతుందో ఆలోచించండి. మెట్రోలో ఎల్బీనగర్ దాకా వెళ్లాలి, అక్కడ బస్సు పట్టుకోవాలి, సాయంత్రం మళ్లీ అదే దారిన రావాలి. దారికి గంటన్నర పడుతుందనుకుంటే, నెలకు 24 పనిదినాల్లో 72 గంటలు రోడ్డు మీదే పోతాయి. అదే గేటుకు ఇరవై నిమిషాల దూరంలో ఉంటే 16 గంటలు. మధ్యలో మిగిలే 56 గంటలంటే ఏడు పనిదినాలు. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో నెలకు ఏడు రోజులు పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు. అందుకే వెయ్యో పదిహేను వందలో ఎక్కువైనా గేటుకు దగ్గరలోనే ఉండమని గట్టిగా చెబుతాను.

అసలు వెళ్లాలా, ఇంట్లోనే ఉండి చేయాలా?

మొదట ఒక మాట తేల్చుకుందాం. మీ దగ్గర డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చేది ఇంటర్న్‌షిప్ కాదు, శిక్షణ కోర్సు. కోర్సు చేయడంలో తప్పు లేదు. కానీ దానికోసం ఊరు మారి, ఫీజు, హాస్టల్ ఖర్చు రెండూ భరించడం తల్లిదండ్రుల మీద మోయలేని బరువు వేయడమే. అదే కోర్సు ఇంట్లో ఉండి చేయవచ్చు. సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ ఛార్జీ, రిజిస్ట్రేషన్ ఫీజు, పేరేదైనా చేరకముందే డబ్బు అడిగితే అక్కడితో ఆ మాట ముగించండి.

నిజమైన ఇంటర్న్‌షిప్పే అయితే, బ్రాంచిని బట్టి జవాబు మారుతుంది. కంప్యూటర్ సైన్స్ వారికి ఇంటి నుంచి చేసే అవకాశం వస్తే వెంటనే కొట్టిపారేయనక్కర్లేదు. మీరు రాసిన కోడ్‌ను వారానికి కనీసం రెండుసార్లు ఒక అనుభవజ్ఞుడు చదివి, ఎందుకు మార్చాలో చెప్పే ఏర్పాటు ఉంటే అది నగరంలో ఊరికే కూర్చోవడం కంటే ఎంతో మేలు. ఆ ఏర్పాటు లేకపోతే మాత్రం ఆఫీసుకు వెళ్లే అవకాశాన్నే ఎంచుకోండి. పక్క కుర్చీలో ఉన్నవారు ఒక లోపాన్ని ఎలా వెతికి పట్టుకుంటారో చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్, కెమికల్ వారికి ఈ సందేహమే అక్కర్లేదు. యంత్రం దగ్గరకు, సైటు దగ్గరకు, ప్లాంటు దగ్గరకు వెళ్లాల్సిందే.

2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఏడాది పాటు నెలకు 5,000 రూపాయలు, ఒకసారి 6,000 రూపాయలు ఇచ్చేలా దాన్ని మొదలుపెట్టారు. అయితే మొదలుపెట్టినప్పుడు పూర్తికాలం చదువులో ఉన్నవారికి అది వర్తించేది కాదు. ఆఖరి సెమిస్టర్ కోసం దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. డిగ్రీ చేతికొచ్చాక ఆలోచించవచ్చు.

నగరాల మధ్య పోలిక

హైదరాబాద్‌ను ఎంచుకోవడానికి మనవారికి ఉన్న మొదటి కారణం భాష, తిండి. ఆ రెండూ తక్కువ విషయాలేమీ కావు. తొలిసారి ఇల్లు వదిలినవారికి, జ్వరం వచ్చిన రోజున మెడికల్ షాపులో తెలుగులో మాట్లాడగలగడం ఎంత ధైర్యమో వెళ్లినవారికే తెలుస్తుంది. వారాంతంలో ఇంటికి వెళ్లి రావడమూ సులువే. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది కాబట్టి గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండేవారు సికింద్రాబాద్‌లో దిగి నగరమంతా దాటాల్సిన పని లేదు.

రవాణా విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. మెట్రో నీలి మార్గం రాయదుర్గంతో ఆగిపోతుంది. కొత్త కంపెనీల్లో చాలా వరకు దాని అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రాంగూడ, కోకాపేట వైపు ఉన్నాయి. అక్కడికి బస్సో ఆటోనో ఎక్కాలి, వానాకాలం సాయంత్రాల్లో ఆ కొద్ది దూరమే ఎక్కువసేపు పడుతుంది. ‘మెట్రో దగ్గర హాస్టల్’ అనే ప్రకటన చూసి మోసపోవద్దు. మీ ఆఫీసు కూడా మెట్రో దగ్గర ఉంటేనే ఆ మాటకు విలువ. 2025 మేలో సవరించాక హైదరాబాద్ మెట్రో టికెట్ 11 నుంచి 69 రూపాయల మధ్య ఉంది. రానూపోనూ 120 రూపాయలైతే నెలకు 24 రోజులకు 2,880. ఆ డబ్బుతో ఆఫీసు పక్కనే ఇంకాస్త మంచి హాస్టల్ దొరుకుతుంది. లింగంపల్లి నుంచి హైటెక్ సిటీ, బేగంపేట మీదుగా తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మాత్రం చాలా చవక. మీ షిఫ్టుకు ఆ రైలు వేళలు కుదురుతాయేమో చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అమ్మాయిలు ఒక లెక్క సరిచేసుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం ఆ రాష్ట్ర మహిళలకే. ఆధార్‌లో గుంటూరు చిరునామా ఉంటే కండక్టర్ జీరో టికెట్ ఇవ్వరు. కర్ణాటకలో శక్తి పథకమూ అంతే. బస్సు ఖర్చును బడ్జెట్‌లో వేసుకునే రండి.

బెంగళూరులో స్టైపెండ్ (ఇంటర్న్‌కు కంపెనీ నెలనెలా ఇచ్చే డబ్బు) తరచుగా ఎక్కువ ఉంటుంది, కంపెనీల వైవిధ్యమూ ఎక్కువే. చిప్ డిజైన్, ఎంబెడెడ్, ఏరోస్పేస్ వైపు ఆసక్తి ఉన్నవారు ఆ నగరాన్ని సీరియస్‌గా చూడాలి. తెలుగు వినిపించదేమోనన్న భయం అక్కర్లేదు. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు ఆంధ్రా మెస్సులు, తెలుగువారు నడిపే పీజీలు (పేయింగ్ గెస్ట్ వసతులు) అడుగడుగునా ఉన్నాయి. అయినా రోజూ బస్సులో, దుకాణంలో నాలుగు కన్నడ మాటలు మాట్లాడటం నేర్చుకోండి. అది ఉంటున్న ఊరికి మనమిచ్చే మర్యాద.

ఒకప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో పని అంటే సిల్క్ బోర్డు కూడలి దగ్గరే సగం ఓపిక అయిపోయేది. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా పసుపు మార్గం మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తగ్గింది. వైట్‌ఫీల్డ్‌కు 2023 నుంచే ఊదా మార్గం పూర్తిగా నడుస్తోంది. ఔటర్ రింగు రోడ్డు మీద, అంటే బెళ్లందూరు, మారతహళ్లి వైపు ఆఫీసు అయితే మాత్రం నడిచే దూరంలోనే ఉండాలని ముందే నిశ్చయించుకోండి. మెట్రో చవక కూడా కాదు. 2025 ఫిబ్రవరిలో పెంచాక దూరప్రయాణం టికెట్ 90 రూపాయల దాకా వెళ్లింది.

ఇక నీళ్లు. 2024 మార్చిలో బెంగళూరు ఎంత కటకటలాడిందో దేశమంతా చూసింది. మీ ఇంటర్న్‌షిప్ జనవరి నుంచి జూన్ దాకా అయితే సరిగ్గా ఆ వేసవి మధ్యలోనే పడుతుంది. పీజీలో బోరు నీళ్లా, కార్పొరేషన్ కుళాయా, ట్యాంకరా అని అడగండి. అదే ఏడాది బెంగళూరు నగరపాలక సంస్థ పీజీలకు నిబంధనలు పెట్టింది: మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు ఉండాలి. 10 అడుగులకు 14 అడుగుల గదిలో ఇద్దరికి మించి ఉంచకూడదన్నమాట. గదిలోకి వెళ్లగానే మంచాలు లెక్కపెట్టండి.

చెన్నై గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ నిర్ణయం తేలిక. ఆటోమొబైల్ రంగం కావాలంటే శ్రీపెరుంబుదూర్, ఒరగడం ప్రాంతాలకు సాటి వచ్చేవి దక్షిణాదిలో అరుదు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వారికి హైదరాబాద్ కంటే చెన్నైయే దగ్గర. షాప్ ఫ్లోర్‌లో, అంటే యంత్రాల దగ్గర పని జరిగే చోట, అందరూ తమిళంలోనే మాట్లాడుకుంటారు. మొదటి రెండు వారాలు ఇబ్బంది పడతారు, తర్వాత అలవాటవుతుంది. నగరం మధ్యలో గది తీసుకుని రోజూ శ్రీపెరుంబుదూర్ వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్న ప్లాంట్లను చాలామంది చిన్నచూపు చూస్తారు. అది నాకు బాధ కలిగించే విషయం. తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు సహా ఎన్నో తయారీ సంస్థలున్నాయి. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. విశాఖలో ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, చమురు శుద్ధి కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ ఉన్నాయి. తడలోనో సూళ్లూరుపేటలోనో గది తీసుకుంటే నగరంతో పోలిస్తే అద్దె తక్కువ. చెన్నై వైపు లోకల్ రైళ్లూ ఉన్నాయి. సాయంత్రం చూడటానికి పెద్ద మాల్ లేకపోవచ్చు. కానీ ఒక ఉత్పత్తి శ్రేణి ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో ఆరు నెలలు కళ్లారా చూసిన మెకానికల్ విద్యార్థి ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

బంధువుల ఇల్లా, హాస్టలా, ఫ్లాటా?

ఇంట్లో పెద్దవారు మొదట చెప్పేది ‘పిన్ని వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నారుగా’ అని. మొదటి వారం, పది రోజులకు అంతకంటే మంచి చోటు లేదు. సామాను అక్కడ దించి, నెమ్మదిగా హాస్టళ్లు చూసుకోవచ్చు, ఒంట్లో బాగోలేకపోతే చూసేవారుంటారు. ఆరు నెలలకైతే దూరం చూడాలి, ఆ ఇంటి పరిస్థితీ చూడాలి. రెండు గదుల ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు ఉంటే, రాత్రి తొమ్మిదిన్నరకు మీరు ఇల్లు చేరి అన్నానికి కూర్చోవడం వారికీ ఇబ్బందే, మీకూ ఇబ్బందే. పైకి ఎవరూ చెప్పరు. ముందే మాట్లాడుకుని, నెల సరుకుల్లో కొంత మీరు తేవడం పద్ధతి. ఆఫీసు దగ్గరలో హాస్టల్ తీసుకుని ఆదివారం ఆదివారం పిన్ని ఇంటికి వెళ్లి భోజనం చేసి రావడం ఇంకా మంచి పద్ధతి. బంధుత్వం చెడకుండా నిలిచేది అలాగే.

ఫ్లాటు అద్దెకు తీసుకోవడం ఇంటర్న్‌లకు నేను సిఫారసు చేయను. ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాయించుకుంటారు. బెంగళూరులో అయితే అడ్వాన్సుగా కొన్ని నెలల అద్దె ముందే కట్టాలి. గ్యాసు, నీళ్లు, కరెంటు, పనిమనిషి, పాత్రలు ఎవరు తోమాలన్న తగువు, ఇవన్నీ అదనం. ముగ్గురు నలుగురు సీనియర్లు ఇప్పటికే ఉంటున్న ఫ్లాటులో ఒక మంచం ఖాళీ అయితే అది వేరే సంగతి. వంట చేసుకునే ఏర్పాటు నడుస్తూ, ఆఫీసు దగ్గరై ఉంటే ఖర్చులోనూ తిండిలోనూ హాస్టల్ కంటే అదే నయం. మీ వాటా అడ్వాన్సు ఎవరికి ఇచ్చారో, వెళ్లేటప్పుడు ఎవరిస్తారో ఫోనులో సందేశంగానైనా రాయించుకోండి.

అందుకే చాలామందికి మిగిలేది హాస్టల్, బెంగళూరులో పీజీ. దీన్ని ఫోటోలు చూసి బుక్ చేయవద్దు. వెళ్లి చూడండి, అదీ ఉదయం ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య. మధ్యాహ్నం పూట అన్ని హాస్టళ్లూ ప్రశాంతంగానే ఉంటాయి. ఉదయం వెళితే అసలు సంగతి తెలుస్తుంది: స్నానాల గది ముందు తువాళ్లు భుజాన వేసుకుని ఎంతమంది నిలబడ్డారు, పై అంతస్తులో కుళాయి తిప్పితే ధార ఎలా వస్తోంది, గీజరులో నీళ్లు రెండో మనిషికి వేడిగా వస్తున్నాయా, టిఫిన్ దగ్గర ఇడ్లీ అయిపోయాక వచ్చినవారికి ఏం పెడుతున్నారు. ఎనిమిదింటికే టిఫిన్ అయిపోయే హాస్టల్‌లో తొమ్మిదింటికి లేచే షిఫ్టు మనిషి నెలంతా బయట తినాలి. గదిలో మీ మంచం పక్కన ప్లగ్ పాయింటు ఉందో లేదో, తలుపుకు గడియ, అలమరకు తాళం సరిగా పడుతున్నాయో లేదో చూడండి. మెట్లు ఒక్కటే అయి, ఆ మెట్ల కింద గ్యాసు సిలిండర్లు పేర్చి ఉంటే ఎంత చవకైనా వెనక్కి రండి.

తర్వాత ఆఫీసు బల్ల వెనక గోడ మీద అంటించిన కాగితం చదవండి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్సు పేరుతో అందులో ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ చాలాచోట్ల అక్కడే రాసి ఉంటాయి. నెల ముందు చెప్పకపోతే అడ్వాన్సు రాదన్నది చాలాచోట్ల నియమం. బిల్లులో జీఎస్టీ వేస్తామంటే ఒక్క మాట అడగండి: 2024 జులై నుంచి, మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు ఉండి, వరుసగా 90 రోజులు ఉండే వసతికి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆరు నెలలు ఉండబోయే మీకు అది వర్తిస్తుంది. మొదటి నెలకు ముగ్గురు ఉండే గది తీసుకోండి. ఒంటరి గది ఖరీదు, పైగా కొత్త ఊళ్లో మనిషిని కుంగదీస్తుంది. ఆరుగురు ఉండే గదిలో రాత్రి చదువు సాగదు.

కంపెనీయే వసతి, బస్సు, క్యాంటీన్ ఇస్తే స్టైపెండ్ కొంచెం తక్కువైనా అదే తీసుకోండి. ప్లాంట్లలో ఇలాంటి ఏర్పాటు ఎక్కువ.

అమ్మాయిలు, వారి తల్లిదండ్రులు అడగాల్సినవి

సాయంత్రం షిఫ్టు ఉంటే కంపెనీ వాహనం హాస్టల్ గుమ్మం దాకా వస్తుందా, లేక మెయిన్ రోడ్డు దాకేనా అన్నది చేరకముందే మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. హాస్టల్ గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారో, ఆఫీసులో ఆలస్యమైతే తెరుస్తారో లేదో వార్డెన్‌తోనే మాట్లాడండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం శాశ్వత ఉద్యోగులకే పరిమితం కాదు, శిక్షణలో ఉన్నవారికి, అప్రెంటిస్‌లకు కూడా రక్షణ ఇస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు మొదటి వారంలోనే తెలుసుకోండి. ఆరు నెలల్లో వెళ్లిపోయేదాన్ని కదా అని ఏదీ భరించనక్కర్లేదు.

లెక్క వేసి చూద్దాం

భీమవరం అమ్మాయి, కంప్యూటర్ సైన్స్. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో 15,000, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో 25,000 స్టైపెండ్ అనుకుందాం. హైదరాబాద్‌లో భోజనంతో హాస్టల్ 8,000, బయటి తిండి, ఇతర ఖర్చులు 2,500, రోజువారీ ప్రయాణం 1,000, ఊరికి వెళ్లి రావడం 1,000. మొత్తం 12,500 పోగా మిగిలేది 2,500. బెంగళూరులో పీజీ 9,000, బయటి ఖర్చులు 3,000, ప్రయాణం 1,500, ఊరి ప్రయాణం 1,500. మొత్తం 15,000 పోగా మిగిలేది 10,000. అంటే పైకి పదివేలుగా కనిపించే తేడా చేతికి 7,500, ఆరు నెలలకు 45,000. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ లెక్క ఈ పద్ధతిలోనే వేయండి.

ఇంట్లో అప్పు ఉండి, చదువు రుణం వాయిదాలు దగ్గర పడుతుంటే ఆ 45,000 పెద్ద మొత్తమే. అప్పుడు బెంగళూరు వెళ్లమనే చెబుతాను. ఆ ఒత్తిడి లేకపోతే, రెండు కంపెనీలకూ ఒకే ప్రశ్న రాసి పంపమంటాను: ‘మొదటి నెలలో నేను చేయబోయే పని ఏమిటి, దాన్ని ఎవరు చూస్తారు?’ వివరంగా జవాబు రాసినవారి దగ్గరకు వెళ్లాలి. జవాబే రాకపోతే స్టైపెండ్ ఎంతైనా ఆలోచించాలి. ఆరు నెలల తర్వాత ఉద్యోగంలోకి తీసుకునే అవకాశం ఉందా, పోయినసారి ఎంతమందిని తీసుకున్నారు అని అడగడానికీ మొహమాటం అక్కర్లేదు.

ఏ నగరమైనా రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 అక్టోబరు వరకు అది 120 రోజులు ఉండేది. జనవరి మొదటి వారంలో చేరి సంక్రాంతికి ఇంటికి రావాలనుకునేవారు నవంబరు నెల మధ్యలోనే టికెట్ తీసుకోవాలి. చేరే తేదీ ఖరారు కాలేదని ఆగితే బెర్తు దొరకదు. రద్దు చేసుకుంటే పోయే కొద్ది డబ్బుకు సిద్ధపడి ముందే తీసుకోవడం మంచిది.

నంద్యాల అబ్బాయి, మెకానికల్. అమీర్‌పేటలో ఫీజు కట్టి క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) నేర్చుకునే కేంద్రం ఒకవైపు, శ్రీపెరుంబుదూర్ ప్లాంటులో 12,000 స్టైపెండ్, క్యాంటీన్, కంపెనీ బస్సు మరోవైపు. ఇంట్లోవారు భాష తెలియని చోటని భయపడుతున్నారు. ఈ రెండింటి మధ్య నాకు పోటీయే కనిపించదు. క్యాడ్ రాత్రుళ్లు గదిలో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు, లోహపు రేకులను నొక్కి భాగాలుగా మలిచే ప్రెస్ షాపు అలా దొరకదు. శ్రీపెరుంబుదూర్ వెళ్లమంటాను. గది మాట్లాడుకునే ముందు కంపెనీ బస్సు ఏయే స్టాపుల్లో ఎన్నింటికి ఆగుతుందో కనుక్కుని, అందులో ఒక స్టాపుకు నడిచి వెళ్లగల దూరంలోనే చూసుకోమంటాను. తల్లిదండ్రుల్లో ఒకరు మొదటి రెండు రోజులు తోడు వెళ్లి, ఆ బస్సు ఎక్కించి రావచ్చు.